పైకప్పు లేని ఇంజను

ఇద్వాల్ ప్రొథెరో ఇంట్లో ఒక్క కుర్చీ కూడా అరగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు కనుమ దారిలో బస్సు నడిపిన మనిషి. అంతకాలం కూర్చునే బతుకు వెళ్ళదీశాడు కాబట్టి ఇంటికొచ్చాక ఇక కూర్చోనక్కర్లేదనుకున్నాడో ఏమో, టీ కప్పు సగమయ్యేలోపే లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు. చాపెల్‌లో ఆదివారం ప్రార్థనకెళ్తే ఎప్పుడూ బల్ల చివర చోటే. ప్రసంగం సాగేకొద్దీ ఆయన మోకాలు ఆడుతుంటే ఆ బల్ల మీదున్న వాళ్ళందరూ సన్నగా ఊగేవారు.

"నీ ముఖం కన్నా నీ వీపే నాకెక్కువ తెలుసయ్యా" అనేది ఆయన భార్య నెస్టా.

కొండల నడుమనున్న మా ఊరు బ్లైనాలో వాన పడితే ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు, ఆగితే మాట్లాడుకుంటారు. ఊరి చుట్టూ పలకరాతి గనుల్లోంచి తవ్విపోసిన గుట్టలు. ఆ గుట్టల్లోంచే రాయి మోసుకొచ్చి, ఉద్యోగం మానిన ఏడాది ఇద్వాల్ పెరటి చుట్టూ మోకాలెత్తు గోడ కట్టాడు. దాని మీద రెండు వేళ్ళ వెడల్పున పట్టాలు పరిచాడు. ఆ గోడ కోసం నెస్టా తన కూరగాయల మడిలో సగం వదులుకుంది. ఉల్లి పోయింది, క్యారెట్లు పోయాయి. పక్కింటి మాకూ వాళ్ళకూ మధ్యనున్న ఎత్తు గోడ వైపు రెండు సాళ్ళ ఎర్రపూల చిక్కుడు మాత్రం మిగిలింది. పట్టాల గోడ అక్కడ చిక్కుడు కర్రలకూ మా గోడకూ నడుమ ఇరుక్కుని పోతుంది.

ఆ పట్టాల మీద తిరిగేవి కరెంటు బొమ్మలు కావు. కడుపులో నీళ్ళు మరిగించుకుని, నిజం ఆవిరితో కదిలే ఇంజన్లు. అసలు ఇంజన్లో పంతొమ్మిదో వంతు. రెండు చేతులతో ఎత్తితే పెద్ద రొట్టెంత ఉంటుంది, బరువు మాత్రం ఇటుకంత.

పదకొండేళ్ళలో ఇద్వాల్ ఏడు ఇంజన్లు ఎంచుకున్నాడు. ఏడూ అమ్మేశాడు. మొదటిది పొడుగైనది, ఆరు చక్రాలది. ఇంటికి తెచ్చాక తెలిసింది, పెరట్లోని కొట్టం దగ్గరి మలుపు దానికి చాలదని. మలుపు కొలిచి ఇంజను కొనాలి గాని, ఇంజను కొని మలుపు కొలుస్తారా అని ఇలా పెరట్లో రైళ్ళు నడిపేవాళ్ళందరూ నవ్వారు. రెండోది తప్పు పట్టడానికి వీల్లేనంత చక్కగా నడిచేది. "గడియారంలా ఉంది" అని దాన్నీ పంపేశాడు. మూడోదానికి కూత నచ్చలేదు. నాలుగోదానికి పొగగొట్టం మార్చాడు, గొట్టం మార్చాక బాయిలర్ పొట్టిగా కనిపించింది, దాన్ని సరిచేయబోతే రంగు పోయింది. ఎప్పుడు వెళ్ళినా బల్ల మీద ఒక ఇంజను విప్పి ఉండేది, దాని పక్కన ఇంకో ఇంజను బొమ్మ ఉన్న కేటలాగు తెరిచి ఉండేది.

చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇలాంటివాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. వేసవిలో మూడు నాలుగు శనివారాలు, ఒక్కోసారి ఒక్కొక్కరి పెరట్లో కలుస్తారు. వాళ్ళకొక కట్టుబాటు ఉంది. ఎవరి పెరట్లో కలిస్తే వాళ్ళ ఇంజను ముందుగా, వెనకాల ఒక్క పెట్టె కూడా తగిలించకుండా, ఒంటరిగా ఒక చుట్టు తిరిగి రావాలి. అది వచ్చేదాకా మిగతావాళ్ళు తమ ఇంజన్లు డబ్బాల్లోంచి తియ్యకూడదు. ఇద్వాల్ వంతు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆయన ఇంజను ముక్కలుగా బల్ల మీదే ఉంది. గనిలో ఫిట్టరుగా చేసి మానేసిన పాత నేస్తం హెవిన్ తన ఇంజను అరువిచ్చి పరువు కాపాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెస్టా కొట్టలేదు.

మూడోసారి వంతు ఈ జూలైలో రెండో శనివారం వచ్చింది. ఏప్రిల్లోనే నెస్టా ఆయన్ని పట్టుకుంది.

"కూర్చో. కూర్చుని విను."

ఆయన కూర్చున్నాడు.

"ఈసారి నీ ఇంజనే తిరగాలి. హెవిన్‌ది అరువు తెచ్చావా, సోమవారం పొద్దున్నే పట్టాలు పీకి నా మడి నాకిచ్చెయ్."

"అదేంటే, అంత మాటనేశావు?"

"పదకొండేళ్ళయ్యా! నా ఉల్లిపాయలు తీసి నీకిచ్చింది రైలు తిరుగుతుందని. మరలు ఏరుకుంటావని కాదు."

"మధ్యలో మా కట్టుబాటు నీకెందుకు..."

"కట్టుబాటు మీది. మడి నాది."

ఎనిమిదో ఇంజను అలా వచ్చింది. నాలుగు చక్రాలు, నల్ల రంగు, ఏ హంగూ లేదు. ఈ పిచ్చిలోకి కొత్తగా దిగేవాళ్ళు మొట్టమొదట కొనే రకం. హెవిన్ పెట్టె తెరిచి చూసి పకపకా నవ్వాడు.

"ఒరేయ్, పదకొండేళ్ళు చదివి ఒకటో తరగతిలో చేరావట్రా?"

"దీన్ని మారుస్తాను."

"నా భయం కూడా అదేరా."

ఎలా మార్చాలో ఈసారి ఆయనకు ముందే తెలుసు. వంటింట్లో ఒక ఫోటో ఉంది. గని ఇంజను మీద వాళ్ళ నాన్న నిలబడి ఉంటాడు, భుజాల మీద గోనెసంచి, టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతుంటాయి. ఆ గని ఇంజన్లకు డ్రైవరు గది ఉండదు, పైకప్పు ఉండదు. మిగతా ఏడు ఇంజన్లలో ఏం వెతికాడో నేనడిగితే ఇద్వాల్ సరిగా చెప్పలేకపోయాడు. "అన్నిటికీ కప్పులున్నాయి" అన్నాడు, అంతే.

మే నెలంతా పని నడిచింది. నల్ల రంగు గీకి ఎర్రమట్టి రంగు వేశాడు. మెరిసే ఇత్తడిని కొవ్వొత్తి పొగతో మసకబార్చాడు. ముందూ వెనకా ఓకు చెక్క దిమ్మెలు బిగించాడు. బొటనవేలంత డ్రైవరు బొమ్మ తెచ్చి, జిగురులో ముంచిన పలచ కాగితంతో దాని భుజాలకు గోనెసంచి కప్పాడు. నెస్టా మాటిమాటికీ తొంగి చూసేది, ఏమీ అనేది కాదు. జూన్ మొదటివారంలో ఒక మధ్యాహ్నం సన్నరంపం తీసుకుని డ్రైవరు గది కోసి పారేశాడు.

సాయంత్రం వచ్చిన హెవిన్ చుట్టూ తిరిగి చూశాడు. "అచ్చం అదేరా" అన్నాడు. తర్వాత వంగి చూసి అడిగాడు, "మరి రేడియో ఎక్కడ పెడతావు?"

ఇద్వాల్ కోసి పారేసిన గది ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. ఈ ఇంజన్లలో ఆవిరి వదిలే మీటను దూరం నుంచి తిప్పే రేడియో, దాని బ్యాటరీలు అన్నీ దాక్కునేది ఆ గదిలోనే. కుర్చీలో కూర్చుని చేతిలో చిన్న పెట్టె పట్టుకుని అందరూ నడిపేది దానితోనే.

"ఫోటోలో రేడియో లేదు కదరా" అన్నాడు ఇద్వాల్.

హెవిన్‌కు నవ్వాగలేదు. "మీ నాన్న చేత్తో తిప్పేవాడురా నాయనా! సర్లే, వెనకొక చిన్న పెట్టె తగిలించి అందులో దాచెయ్."

"ఒంటరిగా తిరగాలి."

"అవును కదూ." హెవిన్ గడ్డం గోక్కున్నాడు. "ఈ ఒక్కసారికీ అందరినీ అడుగుదాం. ఒప్పుకుంటారు."

"వాళ్ళు ఒప్పుకుంటారు. మా ఆవిడ ఒప్పుకోదు."

మీట చేత్తో సరిచేసి వదలడం ఒక్కటే మిగిలింది. మర్నాడు వదిలి చూశాడు. కొట్టం దాటేవరకు బాగానే పోయింది. చిక్కుడు సాళ్ళ పక్కన గోడ కుంగి పట్టాలు పల్లమయ్యాయి. అక్కడ ఇంజను పరుగందుకుని, మలుపులో ఎగిరి చిక్కుడు పాదుల్లో పడింది. ఒక చెక్క దిమ్మె విరిగింది. మీట ఇంకాస్త తగ్గించి వదిలితే ఈసారి కొట్టం దగ్గరి ఎత్తే ఎక్కలేక నిలిచిపోయింది. ఎత్తు దగ్గర మీట తెరవాలి, పల్లంలో ముయ్యాలి. అంటే చుట్టంతా ఒక మనిషి దాని పక్కనే నడవాలి.

నడవచ్చు, చిక్కుడు దగ్గర తప్ప. అటు మా గోడ, ఇటు కర్రలు. సాళ్ళ మధ్య సందు నెస్టాకు సరిపోతుంది గాని బస్సు డ్రైవరు భుజాలకు సరిపోదు.

"గోడ వైపు సాలు పీకెయ్యి. ఒక్క సాలేగా" అన్నాడు హెవిన్.

"సగం ఇచ్చిన మనిషిని మిగతా సగం కూడా అడగమంటావా?"

అడగలేదు. మిగిలిన నాలుగు వారాలూ ఆయన ఒంటిచేత్తో, ఇంజను లేకుండా, వంగి గాలిలో మీట తిప్పుకుంటూ గోడ వెంట నడవడం మా మేడ కిటికీలోంచి చూశాను. చిక్కుడు దగ్గరికొచ్చి ఆగడం, వెనక్కి తిరగడం. టీ చల్లారుతుండేది. నెస్టా గుమ్మంలో నిలబడి చూసేది.

"ఏం పోగొట్టుకున్నావు?"

"ఏం లేదు."

"మరి దేనికోసం తిరుగుతున్నావు?"

"ఏం లేదంటున్నాగా."

ఆ శనివారం తుంపర పడుతోంది. పదముగ్గురూ డబ్బాలు మోసుకుని వచ్చారు. ఎండుద్రాక్ష రొట్టె ముక్కలు, పెనం మీద కాల్చిన తీపి బిళ్ళలు గొడుగు కింద బల్ల మీద పెట్టి ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవడం లేదు. ఇద్వాల్ నూనె పోశాడు, నీళ్ళు పోశాడు, గ్యాసు వెలిగించాడు. ప్రెషరు ముల్లు లేచేదాకా ఆగాలి. ఆ పది నిమిషాల్లో ఆయన గడియారం ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. నెస్టా ఎక్కడా కనిపించలేదు. టీ కోసం లోపలికి వెళ్ళి ఉంటుందనుకున్నాం.

మీట తెరవగానే పొగగొట్టం నుంచి వేడినీళ్ళు ఆయన చొక్కా మీద చిమ్మాయి. ఇంజను ఒకసారి తుమ్మి కదిలింది. ఆయన పక్కనే నడిచాడు. చెయ్యి దాని మీదే ఉంది, తగిలీ తగలనట్టు. కొట్టం దగ్గర తెరిచాడు, ఎక్కింది. మలుపు తిరిగింది. ముందు చిక్కుడు సాళ్ళు వచ్చాయి. ఆయన నడిచే దారి అయిపోయింది. మూసేస్తే మధ్యలో ఆగిపోతుంది. తెరిచి వదిలితే పడిపోతుంది.

"ఎంత తిప్పాలి?"

గొంతు పాదుల్లోంచి వచ్చింది. రెండు సాళ్ళ మధ్య నెస్టా పక్కకు తిరిగి నిలబడి, కర్రల సందులోంచి చెయ్యి చాపింది.

"గోరంత! నీ వైపుకి!"

"గోరంతా, గోటి కొనంతా?"

"కొనంత, కొనంత! కాల్తుంది, జాగ్రత్త..."

"పొయ్యి దగ్గర నలభై ఏళ్ళున్న దానికి చెప్తున్నావా? నువ్వు అటు చివరికి పరిగెత్తు!"

ఇద్వాల్ పరిగెత్తాడు. ఇంజను మాకు కనిపించడం లేదు. ఆకులు వరసగా కదులుతూ పోతున్నాయి, ఎర్రపూల మధ్యలోంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. ఒకచోట కదలిక ఆగింది. "ఇంకాస్త ఇవ్వనా?" అని గొంతు. "ఇవ్వు, ఇవ్వు!" మళ్ళీ ఆకులు కదిలాయి. మలుపులో ఇంజను నడకంత నెమ్మదిగా బయటికొచ్చింది, ఇద్వాల్ చేతిలో పడ్డట్టుగా. మొదలైన చోటికి వచ్చి ఆగింది.

ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "దాని మీద ఇద్దరి చేతులు పడ్డాయి కదా. చెల్లుతుందంటారా?"

"ఒంటరిగా తిరగాల్సింది ఇంజనయ్యా" అన్నాడు హెవిన్. "మనిషి ఒంటరిగా ఉండాలని ఎవడన్నాడు?"

చప్పట్లు, డబ్బాల మూతలు తీసిన చప్పుళ్ళు. నెస్టా తలనిండా తడి ఆకులతో బయటికొచ్చింది, చూపుడు వేలి కొన నోట్లో పెట్టుకుని.

"కాలిందా?" అన్నాడు ఇద్వాల్.

"ఆ మీట మరీ బిగువుగా ఉంది. కొంచెం వదులు చెయ్యాలి."

ఆయన చెయ్యి అప్పుడే పనిముట్ల పెట్టె మీదికి పోతోంది.

"ఇప్పుడు కాదు!" అని ముగ్గురు నలుగురు ఒకేసారి అరిచారు.

"ఇప్పుడు కాదు" అంది నెస్టా కూడా. "నీళ్ళు పోసి ఇంకోసారి పంపు. ఆ పల్లం దగ్గర ఎప్పుడు ముయ్యాలో నాకు ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది."

అని, ఆయన జవాబు కోసం ఆగకుండా మళ్ళీ చిక్కుడు సాళ్ళ మధ్యకు దూరింది.