చొక్కా ఉతికిన రోజు

మా బడిలో చదవడం అంటే అరవడం. నేను చేరిన కొత్తలో రెండో తరగతి పిల్లల్ని పాఠం చదవమంటే సముద్రం హోరు వినపడనంతగా గొంతెత్తేవాళ్ళు. అర్థమైంది ఒక్క ముక్క ఉంటే ఒట్టు. "ఏం చదివారర్రా?" అని అడిగితే మళ్ళీ మొదటినుంచీ అరిచేవాళ్ళు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. గడగడా పలికితే చదువొచ్చేసినట్టేనని ఇంట్లోవాళ్ళూ అనుకునేవారు, మా పైవాళ్ళూ అనుకునేవారు.

మాది సామర్లకోట. కాకినాడ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడి ఇంకో బస్సు, ఆ పైన నడక. బడి చేపల వేటకెళ్ళేవాళ్ళ పేటలో ఉంది. ప్రహరీ గోడకి ఇవతల పిల్లలు, అవతల ఎండబెట్టిన చేపలు. సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మా ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకుని, "వచ్చావా తల్లీ, నువ్వు రాకముందే నీ చీర వచ్చింది" అనేవారు. వరి చేలు తప్ప ఏమీ ఎరగని ఇంట్లో పుట్టినదాన్ని. సముద్రం గురించి నాకు తెలిసిందంతా ఆ పేటలోనే తెలిసింది. కొన్ని తెలియకుండా ఉంటే బాగుండేది.

ఒకసారి రాజమండ్రిలో మాకు శిక్షణ పెట్టారు. బొమ్మల పుస్తకంతో, చదివింది అర్థం చేసుకోవడం ఎలా నేర్పాలో చెబుతామన్నారు. సమోసాలు బాగున్నాయి, ఏసీ పనిచెయ్యలేదు. సగం మంది కునికిపాట్లు పడ్డారు. చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం నా బుర్రలో నిలిచిపోయింది. ముందు బొమ్మ చూడనివ్వండి. తర్వాత వాక్యం చదవనివ్వండి. పిల్ల ఏ జవాబు చెప్పినా సరే, "నీకెలా తెలిసింది?" అని అడగండి. అక్కడినుంచే అసలు చదువు మొదలవుతుందన్నారు. అప్పుడు నమ్మలేదు గానీ, అది నిజమే.

నాకిచ్చిన పుస్తకంలో పేజీకి ఒక్కటే వాక్యం. ఒక పాప తన పిల్లి కోసం ఇల్లంతా వెతుకుతుంది. "మంచం కింద పిల్లి లేదు" అని రాసి ఉంటుంది. బొమ్మలో మంచం కింద నిజంగానే లేదు గానీ పైన అటక మీంచి తోక వేలాడుతూ ఉంటుంది. "పిల్లి ఎక్కడా లేదు" అని రాసిన పేజీలో బియ్యం బస్తా వెనక రెండు చెవులు కనిపిస్తాయి. మాటలు లేదంటూనే ఉంటాయి, బొమ్మ ఉందంటూనే ఉంటుంది.

మొదటిరోజు పిల్లలు యథాప్రకారం అరిచారు. పిల్లి ఎక్కడుందర్రా అంటే, "లేదండీ!" అన్నారు ముక్తకంఠంతో. అచ్చులో లేదని ఉందిగా మరి. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక ఆడపిల్ల లేచి నిలబడింది. ముక్కు కారుతోంది, రిబ్బను ఒక జడకే ఉంది.

"పుస్తకం అబద్దం ఆడతాందండి" అంది.

"నీకెలా తెలిసింది?"

దగ్గరికొచ్చి తోక మీద వేలు పెట్టింది. "ఇదిగోండి. పిల్లి లేకపోతే తోకెక్కణ్ణుంచొత్తాదండి?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అంత సంతోషం కలిగిన రోజులు తక్కువ. ఆ పిల్లని ఎత్తుకుందామనిపించింది. ముక్కు చూసి ఆగాను.

ఇక దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. పుస్తకం అయిపోగానే ఊరి మీద పడింది. "టీచర్, మీరియ్యాల బస్సులో నిలబడొచ్చేరండి." ఎలా తెలిసిందే అంటే, "మీ కాలి మీద ఎవరో తొక్కిన మట్టుందండి" అనేది. "మీ ఇంట్లో ఇయ్యాల పులిహోరండి." ఎలా తెలిసిందంటే, నా వేలి గోరుకి పసుపు. ఒకరోజు పొద్దున్నే ఇంట్లో మాటా మాటా అనుకుని, బస్సులో కళ్ళు తుడుచుకుంటూ వచ్చాను. అది నా మొహంలోకి చూసింది, ఏదో అనబోయి మానేసి వెళ్ళి కూర్చుంది. చూసిందంతా పైకి చెప్పకూడదని కూడా అప్పటికే దానికి తెలుసు. అది మాత్రం నేను నేర్పింది కాదు.

ఆ పిల్ల జ్వరంతో బడికి రాని రోజుల్లో ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. ఒకే గది, ముందు తాటాకు పందిరి. పిల్ల తల్లి చేపలమ్మడానికి వెళ్ళింది, మామ్మ ఉంది. తండ్రి బోటు మీద వేటకెళ్ళాడట. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఎదురుగా మేకుకి మగవాళ్ళ చొక్కా ఒకటి వేలాడుతోంది. నీలం గళ్ళది. చెమటా ఉప్పూ పట్టి కాలరు అట్టకట్టింది. నాకు నోరు ఊరుకోదు కదా, "ఏమమ్మా, సబ్బు లేదా ఇంట్లో? ఆ చొక్కా దానంతటదే నడిచొచ్చేలా ఉంది" అన్నాను.

మామ్మ నవ్వలేదు. గుమ్మంలో చాప మీద పడుకున్న పిల్ల గబుక్కున లేచి కూర్చుంది.

"ఆ మాట అనకూడదండి టీచరమ్మగారూ" అంది మామ్మ. "మగోడు ఏటకెల్తే, ఇడిసెల్లిన సొక్కా ఆడు తిరిగొచ్చేదాకా ఉతకమండి. ఉతికితే ఇంక రాడని."

"వచ్చేక నాన్నే తీసి తొట్లో పడేత్తాడండి" అని పిల్ల నాకు వివరంగా చెప్పింది, నేనేదో రెండో తరగతిదాన్నయినట్టు. "అప్పుడు అమ్మ ఉతుకుతాది."

నేను లెంపలేసుకున్నాను. ఆ తర్వాత పేటలో ఏ ఇంటికెళ్ళినా నా కళ్ళు ముందు మేకు వైపే పోయేవి. మురికి చొక్కా ఉంటే, ఇంటి మనిషి నీళ్ళ మీద ఉన్నాడన్నమాట.

వాయుగుండం పట్టిన వారంలో ఆ పిల్ల తండ్రి ఎక్కిన బోటు తిరిగి రాలేదు. ముందే వెనక్కి రమ్మని ఫోన్లు చేశారు, కొన్ని బోట్లు వచ్చాయి, ఇది రాలేదు. గాలి తగ్గాక వెతకడానికి వెళ్ళినవాళ్ళకి చెక్కలు దొరికాయి. తర్వాత కొన్ని శవాలు ఒడ్డుకొచ్చాయి. ఆ పిల్ల తండ్రిది రాలేదు.

శవం వచ్చినవాళ్ళు ఏడ్చి తలకొరివి పెట్టుకున్నారు. రానివాళ్ళకి ఏడవడానికి కూడా లేకపోయింది. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టు. పిల్లకి మాత్రం ఇంట్లోవాళ్ళంతా కూడబలుక్కుని ఒక కథ చెప్పారు. గాలికి బోటు ఒడిశా వైపు కొట్టుకుపోయిందనీ, నాన్న అక్కడే పారాదీప్‌లో పనికి కుదిరాడనీ, పండక్కి వస్తాడనీ. మామ్మ అయితే అప్పుడప్పుడూ ఫోను చెవి దగ్గర పెట్టుకుని కొడుకుతో మాట్లాడుతున్నట్టు నటించేదట. తోటి పిల్లలకీ గట్టిగా చెప్పి ఉంచారు. ఆ పేటలో అలాంటి మాట పిల్లలు కూడా జవదాటరు.

పిల్ల బడికి వస్తూనే ఉంది. చదువుతూనే ఉంది. ఎవరు ఏ కథ చదివినా చెయ్యెత్తి "అదెలా తెలిసింది?" అని నిలదీయడం మాత్రం మానేసింది. చిన్నపిల్ల కదా, నాన్న మీద బెంగ అనుకున్నాను.

చాలా రోజులు గడిచాక ఒక సాయంత్రం మామ్మ బడి దగ్గరికి వచ్చింది. పిల్లలంతా వెళ్ళిపోయేదాకా గేటు దగ్గరే నిలబడి, తర్వాత లోపలికి వచ్చింది.

"పెద్దలు సెప్పేరండి" అంది. "ఇంకెన్నాల్లు సూత్తారు, ఆడికి దారి సూపించాల గదా అన్నారు. రేపు సరుగుడు తోట కాడ గడ్డితో మనిషిని కట్టి, ఆడి పేరున దహనం సేసేత్తన్నామండి. బడి వదిలేక పిల్లని కూసింతసేపు మీ కాడే ఉంచండి. నేనే వచ్చి తీసుకెల్తాను."

"ఇంకా దానికి చెప్పలేదా?" అన్నాను.

"లేదండి. పరీచ్చలయ్యేక సెబుతాం. కోడల్ని పిల్ల ముందు బొట్టు తియ్యనివ్వట్లేదండి. గాజులూ అలాగే ఉంచేను. అన్నీ ఆలోసించే సేత్తన్నాను."

నాకు ఒళ్ళు మండింది. పరీక్షలట! నేను పెట్టే ఆ పదిముక్కల పరీక్షకి ఇంత పెద్ద నాటకమా? పిల్లకి చెప్పాలమ్మా, ఎంత చిన్నదైనా చెప్పాలి, రేపు ఇంకొకరి నోట విన్నదంటే మిమ్మల్ని ఎప్పటికీ నమ్మదు, అని గొంతు పెంచాను. ఆవిడ తల వంచుకుని అంతా విన్నది.

"మీరు సదువు సెప్పండి టీచరమ్మగారూ. సావు మేం సెప్పుకుంటాం" అంది.

సరేనన్నాను.

మర్నాడు గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు. పిల్లని నా కుర్చీ పక్కన కూర్చోబెట్టాను. కిటికీకి వీపు ఉండేలా కూర్చోబెట్టాను, ఎందుకంటే ఆ కిటికీలోంచి సరుగుడు తోట కనిపిస్తుంది. ఏం చెయ్యాలో తోచక బీరువాలోంచి పిల్లి పుస్తకమే తీశాను. దానికి ఇష్టమైన పుస్తకం కదా, కాసేపు నవ్వుతుందని.

అది బుద్ధిగా పేజీలు తిప్పింది. మంచం కింద లేదు. వాకిట్లో లేదు. తోక మీద వేలు పెట్టలేదు, చెవులు చూపించలేదు. "పిల్లి ఎక్కడా లేదు" అన్న పేజీ దగ్గర ఆగి పుస్తకం మూసేసింది.

"పొద్దున్న మామ్మ నాన్న సొక్కా ఉతికేసిందండి" అంది.

బొట్టూ గాజులూ ఫోనూ, అన్నిటినీ కాపలా కాసిన మనిషి, ఆఖరికి కొడుకుని సాగనంపేటప్పుడు మురికి చొక్కాతో పంపలేకపోయింది. గడ్డి మనిషికి తొడగడానికి శుభ్రంగా ఉతికి, పిల్ల కళ్ళ ముందే దండెం మీద ఆరేసింది. ఏ తల్లయినా అదే చేస్తుంది. తను ఏం చేసిందో ఆవిడకి తట్టి కూడా ఉండదు.

"బాగా మాసిపోయిందేమోనమ్మా" అన్నాను. నా నోటికి అంతకంటే తెలివైన మాట రాలేదు.

పిల్ల నా వైపు చూసింది. పక్కవాడు తప్పు జవాబు చెప్పినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

"అమ్మకి బొట్టుంది కదా" అన్నాను మళ్ళీ. నాకే సిగ్గేసింది.

"అది నా కోసం పెట్టుకుంటాందండి. బడి వదిలే యేలకి పెట్టుకుంటాది. నేనెల్లేసరికి తిలకం ఇంకా తడిగా ఉంటాది." పుస్తకం అట్ట మీద పిల్లి బొమ్మని గోటితో గీకుతూ, "పిల్లి లేదు లేదని రాసుంది గానండి, అది ఉంది. నాన్న ఉన్నాడు ఉన్నాడని అంతా సెబుతున్నారు గానండి..." అని ఆపేసింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఎలా తెలిసిందని అడగడం దానికి నేర్పింది నేనే. మాటని కాదు, కనిపించేదాన్ని నమ్మమని నేర్పింది నేనే. దాన్ని దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా భుజం మీద తల పెట్టి, చాలాసేపు గట్టిగా ఊపిరి పీలుస్తూ ఉండిపోయింది. ఆ ఊపిరి తడి నా మెడకి తగిలింది.

"మీరు సెప్పకండి టీచర్" అంది.

"ఏం చెప్పకూడదమ్మా?"

"నాకు తెలుసని. మామ్మ తట్టుకోలేదండి. ఇంటికాడ అందరూ ఎంతో కట్టపడి సెబుతున్నారండి."

సరేనన్నాను. ముందురోజు ముసలావిడకి ఒక మాటిచ్చాను, ఇప్పుడు మనవరాలికి ఇంకో మాటిచ్చాను. ఇద్దరిలో ఎవరికి ధైర్యం చెప్పాలో తెలియలేదు.

చీకటి పడబోతుండగా మామ్మ వచ్చింది. చీర మార్చుకుంది. తల స్నానం చేసినట్టుంది, జుట్టులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ముఖం ఉబ్బిపోయి ఉంది. వాకిట్లోకి వస్తూనే పెద్దగా, ఎంతో హుషారుగా పిలిచింది.

"ఏవే, రా, ఎల్దాం! మీ నాన్న ఇందాకే ఫోన్ సేసేడే. పండక్కి తప్పకుండా వత్తాడంట!"

పిల్ల ఆవిడ తడి జుట్టు వైపు చూసింది. చూసిందని నాకు తెలుసు. చూడకుండా ఉండే పిల్ల కాదది.

"నాకు పట్టీలు తెమ్మన్నావా మామ్మా?" అని అడిగింది.

"తెమ్మనకుండా ఉంటానేటే? మువ్వలున్నయ్యే తెత్తానన్నాడు."

మామ్మ దాని తల మీదుగా నా వైపు చూసింది. ఏమీ తెలియలేదు కదా అని కళ్ళతోనే అడిగింది. లేదన్నట్టు నేను తల ఊపాను. ఆవిడ ముఖంలో ఆ రోజుకి ఒక్క బరువు దిగినట్టయింది.

ఇద్దరూ గేటు దాటి ఇసక దారిలోకి వెళ్ళారు. తోట వైపు నుంచి సన్నగా పొగ ఇంకా లేస్తోంది. పిల్ల మామ్మ చెయ్యి పట్టుకుని, పట్టీల గురించి ఏదో అడుగుతూ, అటు వైపు ఒక్కసారి కూడా తల తిప్పకుండా ఇంటికి నడిచింది.