నాకంటే ముందు బయలుదేరిన సంచీ

అరవైల చివర్లో డిగ్రీ చేతికొచ్చాక, నాలుగేళ్ళపాటు నేను నిలకడగా చేసిన పని ఒక్కటే: శ్రీకాకుళం ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలో కార్డు రెన్యువల్ చేయించుకోవడం. అందులో మాత్రం బాగా అనుభవం గడించాను.

మాది నౌపడ దగ్గర పల్లె. నాన్న వరి, చోళ్ళు పండించే రైతు. ఆయనకు చదువు రాదు గాని పంచాంగం మీద పురోహితుడికంటే నమ్మకం ఎక్కువ. నేను రెన్యువల్‌కు వెళ్ళాలంటే ముందు మంచి గడియ కనుక్కొచ్చేవాడు. ఆ గడియ ఎప్పుడూ బస్సు వెళ్ళిపోయాకే వచ్చేది. నేను చేరేసరికి గుమస్తాగారు కిటికీ మూసి భోజనానికి వెళ్ళిపోయేవారు. ఆయన త్రేన్చుకుంటూ తిరిగొచ్చేదాకా నాలాంటి పట్టభద్రులందరం అరుగు మీద కూర్చుని దేశాన్ని బాగుచేసేవాళ్ళం.

ఊరికి తిరిగొస్తే, కార్డు కాపుకొచ్చిందా అని కొబ్బరిమొక్క గురించి అడిగినట్టు ఊళ్ళోవాళ్ళు అడిగేవారు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం భయంగానే ఉండేది. ఇంకో ఏడాదైతే సర్కారు ఉద్యోగానికి నా వయసు దాటిపోతుంది.

అప్పుడొచ్చింది విజయనగరంలో గుమస్తా పనికి ఇంటర్వ్యూ కార్డు. అదే మొదటిది. నా వయసు చూస్తే అదే చివరిది కూడా. శుక్రవారం పొద్దున్నే హాజరు కావాలంటే గురువారం మధ్యాహ్నం పాసింజరు ఎక్కాలి. గురువారం దక్షిణానికి వారశూల, అటు ప్రయాణం కూడదన్నాడు నాన్న. బుధవారమే పోదామంటే అక్కడ తలదాచుకోవడానికి మావాళ్ళెవరూ లేరు. స్టేషను బల్ల మీద ఒక రాత్రయితే సర్దుకోవచ్చు గాని, రెండు రాత్రులంటే కష్టం.

వారశూలకు విరుగుడు ప్రస్థానం. మంచి గడియలో మన వస్తువొకటి వెళ్ళే దిక్కున ఎవరింట్లోనైనా పెట్టిస్తే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. బుధవారం నాన్న నా సంచీని వీధి దక్షిణపు కొసనున్న మేనమామ ఇంట్లో పెట్టించాడు. సర్టిఫికెట్లు, ఇంటర్వ్యూ కార్డు, ఇస్త్రీ చొక్కా అన్నీ అందులోనే. ఉద్యోగం మీద నాకంటే దానికే ఆత్రం ఎక్కువన్నట్టు నా సంచీ ముందు బయలుదేరింది.

గురువారం వెళ్ళి చూస్తే మామయ్య ఇంటికి తాళం. అత్త పుట్టింట్లో ఉంది. ప్రస్థానం పెట్టిన వస్తువును ఎవరూ ముట్టకూడదని మామయ్య భద్రంగా తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, ఎడ్లు కొనడానికి బొబ్బిలి వైపు పోయాడట. నేనెప్పుడొస్తానో ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

నాకు ఏడుపొచ్చింది. రైలుకు ఆట్టే వ్యవధి లేదు. పైగా వర్జ్యం నడుస్తోంది. వర్జ్యంలో నాన్న గడప దాటడు. పశువు కట్టు తెంచుకున్నా లోపల్నుంచే అదిలిస్తాడు. అలాంటి మనిషి గునపం పట్టుకుని వీధిలోకొచ్చాడు. ఎదురింటి ముసలమ్మ వర్జ్యం సంగతి గుర్తుచేసింది.

"నాలుగేళ్ళు మంచి గడియ సూసే పంపినాను. ఏటొచ్చినాది?" అంటూ నాన్న ఒక్క పోటుతో తాళం ఊడగొట్టాడు. సంచీ నా చేతికిచ్చి, "ఎల్లు, బండొచ్చేస్తాది" అన్నాడు.

బండి దొరికింది. ఉద్యోగం దొరకలేదు. ఒక్క కుర్చీకి రెండు జిల్లాల పట్టభద్రులూ వచ్చారు. అందులో కూర్చోబోయేదెవరో లోపలివాళ్ళకు ముందే తెలుసని వరండాలో చెప్పుకున్నారు.

ఊళ్ళో మళ్ళీ అందరూ నా మీద పడ్డారు. కళ్ళంలో పనిచేస్తూనే, వీడు సరిగ్గా చదవలేదని ఒకరు, వీడికి నోరు లేదని ఒకరు. నేను తలొంచుకుని నిలబడ్డాను. ధాన్యం తూర్పారబడుతున్న నాన్న చేట కిందపెట్టాడు.

"ఆడి తప్పేటీ నేదు. వర్జ్యంలో తాళం బద్దలుగొట్టినోన్ని నాను. ఆ ఉద్దోగం పోనాదంటే నా వల్లే."

అలా కాదు నాన్నా అనాలి. పంచాంగాన్ని అన్నేళ్ళు వెక్కిరించినవాణ్ణి, ఆ మాట అనడం నాకెంతసేపు? కాని అన్నేళ్ళలో నా తప్పు లేదని ఒక మనిషి అనడం అదే మొదటిసారి. ఆ తప్పు నాన్న మీదే ఉండనిచ్చి, ఆయన కిందపెట్టిన చేట అందుకున్నాను.