సర్వర్ మీద కర్చీఫ్

మైత్రీవనం కోచింగ్ సెంటర్లో నేను చెప్పే క్లౌడ్ కంప్యూటింగ్ క్లాసులో ఈ రోజు రక్తం కారింది.

ల్యాబులో స్టూడెంటుకొకటి చొప్పున ఇరవై వర్చువల్ మెషిన్లు, అంటే ఉత్తుత్తి కంప్యూటర్లు, నడిచేది ఒక్క సర్వర్ మీదే. పని లేని మెషిన్ నుంచి మెమరీ లాగి, పనిలో ఉన్నదానికి ఇచ్చేలా దాన్ని సెట్ చేసింది నేనే.

పరీక్ష మధ్యలో నరేష్ మెషిన్ బిగుసుకుపోయింది. పక్కనున్న రాజు స్క్రీన్ మీద ఎందుకూ పనికిరాని ప్రోగ్రాం ఒకటి గిరగిరా తిరుగుతోంది. సర్వర్ దాన్నే పని అనుకుంది.

"నా మెమరీ మొత్తం నువ్వే గుంజుతున్నవురా!" అంటూ నరేష్ కీబోర్డు పీకి రాజు ముఖం పగలగొట్టాడు. రాజు లేచి అతన్ని గోడకేసి గుద్దాడు. విడదీయబోయిన నాకు మోచేయి తగిలి పెదవి చిట్లింది.

రాజు ముక్కుకు నా కర్చీఫ్ అదిమి, "ఆ ప్రోగ్రాం ఎందుకు పెట్టావురా?" అన్నాను.

"బస్సుల సీటుకు కర్చీఫ్ ఏస్తం గద సార్, గట్లనే. జర ఆలోచిస్తుంటే సాలు, పని లేదని మీ సర్వర్ గుంజుకపోతది."

తన్నాలనిపించింది.

సాయంత్రం పంజాగుట్టలో బస్సు ఆగీ ఆగగానే, అలవాటుగా అదే కర్చీఫ్ కిటికీలోంచి సీటు మీదికి విసిరాను. నెత్తుటి మరకలు చూసి ఎవరూ దాని జోలికి రాలేదు. హాయిగా కూర్చుని ఇంటికొచ్చాను.

రేపు రాజును ఏ ముఖంతో తిట్టాలో మీరే చెప్పండి.