తప్పులు పట్టే యాదగిరన్న ఇంగ్లీషు మాట్లాడిన రోజు

నిన్న పొద్దుగాల బ్యాంకు బ్రాంచికి పోదామని మల్కాజ్‌గిరిల బస్సు ఎక్కిన. ఎక్కంగనే ఫోన్ మోగింది. మా పాత కోచింగ్ బ్యాచ్ గ్రూపుల మెసేజ్.

"యాదగిరి సార్ హ్యావ్ పాస్డ్ అవే."

నిజం చెప్తున్న, నాకు ముందుగాల కనబడ్డది తప్పు. ఒక్క మనిషికి 'హ్యాజ్' రావాలె కదా, వీడు 'హ్యావ్' ఎందుకు పెట్టిండు అనుకున్న.

తర్వాత మిగిలిన ముక్క చదివిన.

ముందటి స్టాపుల దిగి గాడనే కూసున్న.

చావు కబురుల కూడ ముందు తప్పే వెతికేటట్టు తయారుచేసినవ్ కదా అన్నా మమ్మల్ని!

తెలియనోళ్ళ కోసం చెప్తున్న. యాదగిరన్న తార్నాకల మాకు ఇంగ్లీషు గ్రామర్ చెప్పేటోడు. పోటీ పరీక్షలల్ల ఒక వాక్యం ఇచ్చి, తప్పు యాడ ఉన్నదో పట్టుకోమంటరు కదా. గదే ఆయన సబ్జెక్టు.

మొబైల్ షాపు మీద ఒక్క రూము. ఫ్యాను దాని ఇష్టమైతే తిరుగుతది, లేకుంటే లేదు. మేమంత తెలుగు మీడియం బ్యాచే. "అన్నా అనుండ్రి, సార్ అంటే నాకు భయమైతది" అనేటోడు.

"వాక్యం చూసి బెదరకుండ్రి. బియ్యం చాటల పోసుకున్నట్టు పరుచుకొని చూడుండ్రి. రాయి దానంతట అదే కనబడ్తది" అని రోజూ గదే మాట.

ఆయనకు మాత్రం యాడ చూసినా రాయే. హోటల్ మెనూ, మెట్రో కాడ పంచే కరపత్రం, ఏదైనా సరే. ఫోటో తీసుడు, తప్పు చుట్టు ఎర్ర గీత గీసుడు, గ్రూపుల పెట్టుడు. నా పెండ్లి కార్డును కూడ ఇడ్వలే మహానుభావుడు! బంతిల కూసొని, అన్నం తినుకుంట మా ఆయనకు చూపెట్టిండు.

కానీ అన్న నోట్లెకెళ్ళి ఇంగ్లీషు ముచ్చట మేము ఎన్నడు వినలే. పాఠం అంత తెలుగుల్నే.

ఒకసారి అన్న భార్య పద్మ వదిన చెప్పింది. బిడ్డ స్కూల్ల పేరెంట్స్ మీటింగుకు పోయిండ్రంట. టీచరమ్మ ఇంగ్లీషుల అడుగుతుంటే, ఈయన నవ్వుకుంట తలకాయ ఊపుడే ఊపుడు. గేటు దాటంగనే, "టీచరమ్మ రెండు కాడ తప్పు మాట్లాడింది పద్మా" అన్నడంట.

"మరి నువ్వు ఒక్క కాడన్న నోరు తెరిచినవా?" అని వదిన అడిగింది.

ఆటో ఇల్లు చేరేదాక సార్ తొవ్వల బోర్డులు చదువుకుంట కూసున్నడంట. ఈ ముచ్చట చెప్పి వదిన ఎంత నవ్విందో.

దానికి కారణం ఉన్నది. అన్న కూడ ఒకప్పుడు యూనివర్సిటీ క్యాంపస్ హాస్టల్ల ఉండి పరీక్షలు రాసినోడే. రాసుట్ల ఇంగ్లీషు మార్కులు మస్తు వచ్చేటియి. ఇంటర్వ్యూల మాత్రం, నోరు తెరిసేటాల్లకే అనబోయే మాటల తప్పు కనబడేదంట. దాన్ని మనసుల దిద్దుకునేలోపల వాళ్ళు 'థాంక్యూ' అనేటోళ్ళు. గట్లనే ఏజ్ లిమిట్ దాటిపోయింది.

ఇగ నా సంగతి. బ్యాంకు ఆఫీసర్ పరీక్ష పాసైన. ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది. నేను పోనన్న.

"ఇంగ్లీషుల అడిగితే ఏం చెప్తనన్నా, ఇజ్జత్ పోతది" అని క్యాంపస్ లైబ్రరీ మెట్ల మీద కూసొని ఏడ్చిన. బ్యాచ్ అంత గాడనే ఉన్నది. అన్న మస్తు చెప్పి చూసిండు. నేను వినలే.

"నువ్వే మాట్లాడవ్. నాకేం చెప్తవ్?" అని నేనే కోపంల అనేసిన.

అన్న పుస్తకం చేతుల పట్టుకొని లేచి, మెట్ల కింద మా ముందటికొచ్చి నిలబడ్డడు.

"అందరు తప్పులు లెక్కపెట్టుండ్రి" అన్నడు.

మొదలువెట్టిండు. "మై నేమ్ ఈజ్ యాదగిరి. ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ ఆలేర్. మై ఫాదర్ డ్రైవ్ ఆటో. హి హ్యావ్ టూ సన్స్..."

గట్టిగ, అందరికి వినబడేటట్టు. మావోళ్ళు మొదట్ల వేళ్ళు మడుసుకుంట నవ్విండ్రు. తొవ్వల పోయేటోళ్ళు కూడ ఆగి చూసిండ్రు. నా కోసం కావాలనే తప్పులు మాట్లాడుతుండని నేను అనుకున్న.

అప్పుడు ఆయన చేతులకెళ్ళి చూసిన. పుస్తకం అట్ట నలిగేటట్టు పిసుకుతున్నడు. అంగి చెమటకు ఒంటికి అతుక్కపోయింది.

అయినా ఆగలే. ప్రతి తప్పు ఆయనకు కనబడుతనే ఉన్నది, మా అందరికంటె ముందుగాల కనబడుతున్నది. ఒక్కటి కూడ దిద్దుకోలే. నాయిన గురించి, ఊరు గురించి, రాని ఉద్యోగాల గురించి చెప్పుకుంటనే పోయిండు.

అయిపోయినంక, "ఎన్ని?" అని అడిగిండు.

మేము లెక్క ఎప్పుడో మర్చిపోయినం.

నా దిక్కు తిరిగి, "ఇన్ని తప్పులు మాట్లాడిన. సచ్చిన్నా? లేదు కద. పో చెల్లె, పోయి మాట్లాడు" అన్నడు.

పోయిన. మాట్లాడిన. ఎన్ని తప్పులు వచ్చినయో దేవునికే ఎరుక. ఉద్యోగం వచ్చింది.

మిఠాయి డబ్బ తీస్కపోతే, "మా చెల్లె నాకంటె ఎక్కువ తప్పులు మాట్లాడి కొలువు కొట్టింది" అనుకుంట, కింద మొబైల్ షాపోళ్ళ నుంచి మొదలువెట్టి అందరికి పంచిండు. నా వంతుకు ఒక్క లడ్డు కూడ మిగల్లే.

నిన్న లాలాపేట్‌ల అన్న ఇంటికి పోయిన. పొద్దున లేవంగనే గుండెల నొప్పి అన్నడంట. దవాఖానకు తీస్కపోయేలోపలే అయిపోయింది అని వదిన చెప్పింది. నవ్వుకుంట అన్న ముచ్చట్లు చెప్పే వదిన, నిన్న గీ ఒక్క మాట చెప్పనీకె ఎంత గోసపడ్డదో. బిడ్డ అయితే నా చెయ్యి ఇడ్వలే.

గ్రూపుల గా 'హ్యావ్' ఇంకా అట్లనే ఉన్నది. అందరికి కనబడే ఉంటది, నాకు తెలుసు. ఎవ్వరం దిద్దలే. ఎర్ర గీత గీసుడు నీ పని అన్నా, మాకు చేతులు రాలే.

గా రోజు నువ్వు "సచ్చిన్నా?" అని అడిగితే కండ్ల నీళ్ళతోనే నవ్వినం. ఇయ్యాల గదే మాట చెవుల తిరుగుతున్నది, నవ్వు వస్తలేదు.

నీ ఆత్మకు శాంతి దొరకాలె.

గాడ నిన్నెవ్వరు ఇంటర్వ్యూ చెయ్యరు. నిమ్మళంగ పండుకో యాదగిరన్నా.