మామకు చెప్పకుండా మైపాడు దాకా

కుట్టు మిషను ముందు కూర్చున్నవాడు పొద్దున తొమ్మిదికి తొక్కడం మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా తొక్కుతూనే ఉంటాడు. ఒక్క గజం ముందుకు పోడు. నెల్లూరు చిన్నబజారులో మా మామ టైలరింగ్ షాపులో నేను ఆరేళ్ళు అలాగే తొక్కాను. అందుకే ఈమధ్య ఆదివారాలు హెల్మెట్లు పెట్టుకుని మైపాడు బీచికి సైకిళ్ళ మీద పోయే కుర్రవాళ్ళు, దారి వివరాలు అడగడానికి వచ్చి, "తాతా, మీ రోజుల్లో ఎవరైనా ఊరికే, సరదాకి సైకిల్ తొక్కేవాళ్ళా?" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు తొక్కలేదు? నేను తొక్కాను. అరవై మూడో, అరవై నాలుగో సరిగా గుర్తులేదు గానీ ఫిబ్రవరి నెల అని మాత్రం బాగా గుర్తుంది. ఆ దారిన పోదామనుకునేవాళ్ళ కోసం ఆ పూట సంగతి మొత్తం రాస్తున్నాను.

అంతకుముందు వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చి నలభై రోజులు మంచం మీద ఉన్నాను. లేచేసరికి నా లుంగీ నాకే ఇంకో చుట్టు ఎక్కువ వచ్చింది. ఒంట్లో కాస్త సత్తువ రాగానే షాపుకు పోతే, మామ నా మిషను మీద గుడ్డ కప్పేసి, పక్కన చిన్న పీట వేసి, చొక్కాల కట్ట నా ఒళ్ళో పడేశాడు. కాజాలు కుట్టుకోమన్నాడు. అంటే గుండీ దూరే బెజ్జం చుట్టూ చేత్తో కుట్టే పని, కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే పని. నాకు ఇరవై రెండేళ్ళు, కోట్లు కుట్టేవాణ్ణి. పైగా ఆ మిషను మా నాయనది. నాకు ఐదేళ్ళప్పుడు ఆయన జ్వరంతో పోయాడు, మామే నన్ను పెంచి పని నేర్పించాడు. మూడు నెలలు మిషను ఇమ్మని అడిగాను. "ఆ కాళ్ళతో ఏం తొక్కుతావురా మస్తానూ" అనేవాడు, అంతకుమించి మాట ఉండేది కాదు. నిక్షేపంగా పని చేసుకోవచ్చని డాక్టరు గారు చెప్పారన్నా చెవిన పెట్టలేదు. సరే, ఈ కాళ్ళు ఏం తొక్కుతాయో చూపిస్తా అనుకున్నాను. మైపాడు దాకా పోయి, షాపు తెరిచే వేళకు, అంటే తొమ్మిదికల్లా, వచ్చి ఎదురుగా నిలబడాలి. అప్పటికీ మిషను ఇవ్వకపోతే ఆ షాపు గడప తొక్కేది లేదు. తాడో పేడో తేలిపోవాలి.

నెల రోజులు సాధన చేశాను. మసీదులో తెల్లవారుజాము నమాజు అయ్యాక అద్దె సైకిల్ తీసుకుని మొదట ఊరి చివర మైపాడు రైల్వే గేటు దాకా, తర్వాత పొలాల దాకా, తర్వాత ఇంకో రెండు మైళ్ళు. అప్పట్లో గంటకు రెండణాలు తీసుకునేవాళ్ళు. నయాపైసలు వచ్చినా అద్దె సైకిళ్ళ షాపుల్లో అణాల లెక్కే నడిచేది. పంతంతో మొదలుపెట్టానని చెప్పాను కదా, పదో రోజుకు ఆ పంతం సంగతే మర్చిపోయి హాయిగా తొక్కేవాణ్ణి. చల్లటి గాలి మొహానికి కొడుతుంటే, తొక్కిన ప్రతి తొక్కుకూ రోడ్డు వెనక్కి పోతుంటే, ఆరేళ్ళు మిషను మీద నన్నెవరో మోసం చేశారనిపించింది. దారిలో పొలాలకు పోయే రైతులు ఆపి, ఏం పని మీద పోతున్నావని అడిగేవాళ్ళు. ఊరికే అనేవాణ్ణి. చావు కబురా, డాక్టరు కోసమా అని ఆరా తీసేవాళ్ళు. ఏమీ లేదు, ఊరికే. కాళ్ళున్న మనిషి పని లేకుండా సైకిల్ తొక్కితే లోకం ఇంత హైరానా పడుతుందని అప్పుడే తెలిసింది.

ఇక్కడ నా తెలివితేటల గురించి కూడా చెప్పాలి. టైలరు మామూలు బట్టల్లో పోతాడా? దళసరి కాకీ గుడ్డతో మోకాళ్ళ దాకా నిక్కరు కుట్టుకున్నాను. చిరగకూడదని, నాలుగు ముక్కలూ కలిసేచోట గుడ్డ రెండు మడతలు వేసి, మూడు వరసలు కుట్టు వేశాను. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో. ఆ నాలుగు ముక్కలూ కలిసేచోటే మనిషి సీటు మీద కూర్చుంటాడన్న సంగతి బుర్రకు తట్టలేదు. గిరాకీలకు నిలబెట్టి కొలతలు తీసుకునేవాడికి కూర్చునే మనిషి సంగతి గుర్తుండదు.

ముందురోజు సాయంత్రమే సైకిల్ తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. పొద్దున దాకా ఉంచుకుంటే ముప్పావలా. మసీదుకే పోతున్నానని అమ్మకు అబద్ధం చెప్పి నాలుగింటికి బయలుదేరాను. మైపాడు గేటు దగ్గర మద్రాసు వైపు పోయే గూడ్సు కోసం పావుగంట ఆగాల్సి వచ్చింది. గేటు దాటాక తారు కొంచెం దూరమే, ఆపైన కంకర రోడ్డు. మొత్తం పద్నాలుగు, పదిహేను మైళ్ళు. నూనె దీపం వెలుగు ముందు చక్రం దాకా కూడా సరిగా పడదు, కాలువల్లో నీళ్ళ చప్పుడుని బట్టి రోడ్డు అంచు తెలిసేది. ఇందుకూరుపేట చేరేసరికి ఐదు దాటింది. అక్కడ ఒక అణాకు టీ తాగాను. కూర్చోమన్నారు గానీ నిలబడే తాగాను, కారణం చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి సగం దూరం సీటు మీంచి లేచి నిలబడే తొక్కాను. బకింగ్‌హాం కాలువ దాటేటప్పటికి తొడలు మంట, కళ్ళల్లో నీళ్ళు. వెనక్కి తిరుగుదామని ఒక్కసారి కూడా అనిపించలేదని చెబితే అబద్ధమవుతుంది. అనిపించినప్పుడల్లా ఆ పీట, ఆ చొక్కాల కట్ట కళ్ళ ముందుకొచ్చేవి. మళ్ళీ తొక్కేవాణ్ణి.

ఆరుంబావుకు ఇసుకలోకి దిగాను. పొద్దు ఇంకా పొడవలేదు. గబగబా ఉప్పునీళ్ళతో మొహం, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని ఇసుక మీదే నమాజు చదివాను. రాత్రి వేటకు పోయిన పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు వస్తున్నాయి. చేపలు కొని, గంపలు సైకిల్ క్యారియర్లకు కట్టుకుని నెల్లూరు మార్కెట్టుకు పోయే మనుషులు అక్కడే కాచుకుని ఉన్నారు. రోజూ పోను పద్నాలుగు, రాను పద్నాలుగు, పైగా గంపెడు చేపలు. వాళ్ళను చూస్తే నా ఘనకార్యం మీద నాకే సిగ్గేసింది. వాళ్ళలో రమణయ్య అనే ఆయన, నేను కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం చూసి ఏందబ్బయా అని అడిగాడు. చెప్పాను. నిక్కరు చూపించమన్నాడు. కుట్టు మీద వేలు పెట్టి చూసి, "బట్టలు కుట్టేవాడివి, కుట్టు యాడ పడాలో తెలీదా?" అని అందరికీ వినపడేలా నవ్వాడు. తర్వాత తన గంపలోంచి మడత పెట్టిన పాత లుంగీ తీసి ఇచ్చాడు. ఆ లుంగీని ఎగ్గట్టుకుని, చేపల వాసనతో, ఆయన వెనకే ఆరూముప్పావుకు తిరుగు దారి పట్టాను. సైకిల్ తొక్కడం ఆయన్ను చూసే నేర్చుకున్నాను. ఎక్కడా ఉరకడు, ఎక్కడా ఆగడు. ఆయన పక్కన పోతుంటే నా మంట కూడా సగం తగ్గింది.

ఇందుకూరుపేట ఇంకా మైలు ఉందనగా ఎదురుగా మైపాడు పోయే మొదటి బస్సు వచ్చింది. మమ్మల్ని దాటి, దుమ్ము రేపుకుంటూ కొంతదూరం పోయి ఆగింది. టోపీ పెట్టుకుని ఒక బరువు మనిషి దిగాడు. మా మామ. తెల్లవారి నమాజులో నా చోటు ఖాళీగా ఉండడం చూసి ఇంటికి పోయాడట. అమ్మేమో మసీదుకే పోయాడు కదా అందట. సైకిల్ షాపువాణ్ణి లేపి అడిగితే మైపాడు దారి సంగతి చెప్పాడట. ఉన్నపళంగా బస్సెక్కాడు. చేపలు ఆగవు కాబట్టి రమణయ్య వెళ్ళిపోయాడు, మేమిద్దరం రోడ్డు మధ్యలో మిగిలాం.

మామ నా మొహం చూడలేదు, నా కాళ్ళే చూశాడు. సైకిల్ దిగమన్నాడు. దిగనన్నాను. ఆయన ముందు అంతకుముందెప్పుడూ ఆ మాట అనలేదు. తిరుగు బస్సు మైపాడు పోయి రావాలి, గంట పైనే పడుతుంది. షాపు తాళాలు ఆయన మొలలో ఉన్నాయి. తొమ్మిదికి గిరాకీలు వచ్చి నిలబడతారు. నేను క్యారియర్ చూపించి ఎక్కమన్నాను. ఆయన సైకిల్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, చివరికి పక్కకు తిరిగి కూర్చున్నాడు. మొదటి పది గజాలు పాము నడకే. తర్వాత నిలదొక్కుకున్నాను.

నాకు వీపు వెనక ఆయన ఊపిరి మాత్రమే వినపడుతోంది. ఇందుకూరుపేట దాటాక మొదలుపెట్టాడు. "మీ నాయనను నేనే పిలిచినానురా," అన్నాడు. "జ్వరం దిగి నాలుగు రోజులు. రంజాన్ బట్టలు కుప్పగా పడుండాయి. కాళ్ళు ఆడుతుండాయి కదా బావా, వచ్చి కూర్చో అన్నాను. వచ్చినాడు. రెండోరోజు మిషను మీదనే తల వాల్చినాడు. మీ అమ్మకు కూడా ఈ మాట చెప్పలేదు నేను. జ్వరం పడి లేచి నువ్వు దాని మీద కూర్చుంటే నేను చూడలేనురా."

మూడు నెలలుగా ఆయన మీద దాచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తొక్కాను. అలాగని పంతం వదిలేశానా? లేదు. వదిలితే ఇద్దరం మిషను మీద కప్పిన ఆ గుడ్డ కిందే బతకాలి. "మామా, నాయన లేచి నాలుగు రోజులు," అన్నాను. "నేను లేచి మూడు నెలలు దాటింది. పొద్దున్నుంచి ఇరవై మైళ్ళ పైనే తొక్కినాను, అందులో మూడు నిన్ను ఎక్కించుకుని. ఇంకేం చూపించాలో నువ్వే చెప్పు." ఆయన గతుకుల్లో నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు, గతుకులు అయిపోయాక కూడా వదల్లేదు.

గేటు దగ్గరకు వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. ఆ రోజుల్లో టౌన్లో సైకిల్ మీద ఇద్దరు పోతే పోలీసులు ఆపి, చక్రాల్లో గాలి తీసేసేవాళ్ళు. దిగి నడుద్దామా అని అడిగాను. "దిగను. తొక్కు," అన్నాడు మామ. నెల్లూరు బజార్లో, అందరూ చూస్తుండగా, చేపల లుంగీ ఎగ్గట్టుకుని, వెనక మా మామను కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ పోయాను. ఆయన ఎవరికీ తల వంచలేదు, పలకరించినవాళ్ళకు సలాం కూడా చెప్పాడు.

తొమ్మిదింబావుకు షాపు తెరిచాడు. మిషను మీద గుడ్డ తీసి మడత పెట్టాడు. నూనె వేశాడు, చక్రం తిప్పి చూశాడు. నాకు కుర్చీ చూపించి, తాను పీట మీద కూర్చుని, చొక్కాల కట్ట ఒళ్ళోకి లాక్కుని సూదిలో దారం ఎక్కించాడు. ఆ రోజు కాజాలన్నీ మామే కుట్టాడు. నా మిషను ఆగినప్పుడల్లా తలెత్తి చూశాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన బతికినన్ని ఏళ్ళకంటే నేనే ఎక్కువ బతికాను. ఏళ్ళ తరబడి ఆదివారాలు ఆ రోడ్డున పోయాను, ఏం పని మీద అని అడిగినవాళ్ళకు ఊరికే అనే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను. ఒళ్ళు నాది, పొద్దు నాది, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవక్కర్లేదు. కానీ ఆ రోజు మామ మీద గెలిచానని అనుకున్నాను చూడండి, అది మాత్రం తప్పు. బస్సు దిగి నా కాళ్ళ వైపు చూసిన ఆ చూపు ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. మా ఇంట్లో ఎవరైనా జ్వరం పడి లేచి గబగబా మెట్లెక్కితే ఆపాలనిపిస్తుంది. నోరు మూసుకుని కూర్చుంటాను.

నీళ్ళు, గాలి పంపు, టైర్ల సంగతి మీకు షాపువాళ్ళే చెబుతారు. నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే. బయలుదేరే ముందు రాత్రి, ఇంట్లో ఎవరు వద్దంటారో ఆ మనిషికే చెప్పండి, ఏ దారిన పోతారో, ఎన్నింటికి వస్తారో కూడా చెప్పండి. వద్దంటే అననీండి. చెప్పండి, పోండి.