బిందెకు కట్టిన కంకణం

బయ్యన్న రైలు టికెట్టు కోసం గుంతకల్లు పోయిన రోజున, అతని అన్న వెంకటరాముడు అతని బిందెకు కంకణం కట్టించాడు.

గుమ్మఘట్ట దగ్గరి ఆ ఊళ్లో, కొండ కొసనున్న బసవన్న గుడికి రోజూ ఒక మనిషి బిందెడు నీళ్లు మోయాలి. వంతు వచ్చిన ఇంటి పెద్ద ఒక పేరు చెప్తాడు. ఊరు ఆ మనిషి చేతికి పసుపుదారం కడుతుంది. మనిషి ఊళ్లో లేకపోతే అతని బిందెకు కట్టినా చేతికి కట్టినట్టే. గుడి పక్కన బండలో గుంటలాంటి దొన ఒకటి ఉంది. అది వాననీళ్లతో నిండి పొర్లిన రోజున కంకణం విప్పుతారు. ఆ ఇంట్లో ఇంకో మగవాడుంటే తర్వాతి వంతు అతనిది.

బయ్యన్నకు అప్పుడు ఇరవై రెండేళ్లు. గోడ కట్టే పనిలో చేయి తిరిగినవాడు. విశాఖలో సముద్రం పక్కన కొండ మీదికి మెట్లు కట్టే పని దొరికింది. పైకెక్కితే మూడు పక్కలా నీళ్లేనట. టికెట్టుతో ఇంటికొచ్చేసరికి బిందె మెడకు పసుపుదారం ఉంది.

మూడేళ్లకో నాలుగేళ్లకో దొన పొర్లేది కాబట్టి ఎలాగో ఓర్చుకోవచ్చనుకున్నాడు. రెండో ఏడు పక్క గుట్టలో క్వారీవాళ్లు మందు పేల్చారు. దొన అడుగున బీట పడింది. ఎంత వాన కురిసినా నీళ్లు రెండు రోజులు నిలవవు. ఊళ్లో చెబితే స్వామి ఇష్టమన్నారు. ఒకసారి బళ్లారికి పారిపోయాడు. మూడో రోజునుంచి ఊరివాళ్లు అతని తల్లి రామసుబ్బమ్మను కొళాయి దగ్గరకు రానివ్వలేదు. తిరిగొచ్చి బిందె ఎత్తుకున్నాడు. అలా పన్నెండేళ్లు గడిచాయి.

వెంకటరాముడి కొడుకు గిరి గుంతకల్లులో పార్సిళ్లు దించే పని చేస్తాడు. మొన్నటి ఎండాకాలం ఊరికొచ్చినప్పుడు దొన బీటను సిమెంటుతో పూడ్చుదామని అతనే అన్నాడు. తెల్లారగానే చిన్నాయన వెంట కొండెక్కాడు. దారంటూ లేదు. బండకూ బండకూ మధ్య సందులు, మధ్యలో కలబంద పొదలు. సిమెంటు మూట భుజాన పెట్టుకున్న గిరి సగం దూరానికే కూలబడ్డాడు. బయ్యన్న బిందె దించకుండానే నిలబడి నవ్వాడు.

"ఏమప్పా, రైల్వే బలమంతా ఇంతేనా?"

"నీ మాదిరి రోజూ ఎక్కితే నేనూ మేకనైతా చిన్నాయనా."

"ఎక్కుతావులే. ఈ బీట పూడ్చి దొన పొర్లిందనుకో, నీ నాయనకు మోకాళ్లు పోయినాయి. ఇంగ మిగిలింది నువ్వే."

"నా చేతికి కట్టే మొగోడెవడో చూస్తా. నేను ఊర్లోనే ఉండను."

"చేతికెందుకు కడతారు? నీ ఫోనుకు కడతారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. పైన బయ్యన్న బీటను ఉలితో వెడల్పు చేశాడు, కడిగాడు, సిమెంటు కూరాడు. తాపీ పట్టిన అతని చేయి ఎంత తొందరగా కదులుతుందో గిరి ఆ రోజే చూశాడు.

అక్టోబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. దొన పొర్లి నీళ్లు బండ మీదుగా కిందికి జారాయి. గిరి సెలవు పెట్టి వచ్చాడు. ఊరి పెద్ద నాగేశ్వర నలుగురిని వెంటబెట్టుకుని కొండెక్కాడు. వెంకటరాముడు కర్ర పట్టుకుని, కూర్చుంటూ లేస్తూ, అందరికన్నా చివర చేరాడు. చేరగానే నీళ్లలో వేలు పెట్టి బూడిదరంగు గీతను చూపించాడు.

"సిమెంటు! స్వామి దొనలో సిమెంటు పూసినారు. ఇంగ ఇది దొన యాడిది? తొట్టి."

"నేనే పూసినా," అన్నాడు బయ్యన్న. "క్వారీ వాళ్లు పగలగొట్టింది అతికినా. నీళ్లు వానవే కదన్నా."

నాగేశ్వర ఆలోచనలో పడ్డాడు. బయ్యన్న బిందె మెడకున్న దారం వైపు చూశాడు. మనసు మెత్తబడినట్టే కనిపించింది. చివరికి గిరి వైపు తిరిగాడు.

"నువ్వు నాలుగూర్లు చూసినోనివి. వంతొస్తే మోయాల్సినోనివి కూడా. నువ్వు ఒప్పుకుంటే ఇప్పుడే విప్పుతా. చెప్పు, పొర్లింది దొనా, తొట్టా?"

గిరి నోరు తెరిచాడు. కింద కొండ మొదలు నుంచి ఈ కొస దాకా ఉన్న బండలన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలిచాయి. తండ్రి అతని వైపే చూస్తున్నాడు. బయ్యన్న మాత్రం చూడలేదు. గిరి దూరంగా తిరుగుతున్న గాలిమరల వైపు తల తిప్పుకున్నాడు. నాగేశ్వర దాన్నే జవాబుగా తీసుకుని, కంకణం విప్పకుండానే కొండ దిగాడు.

మర్నాడు పొద్దున బస్టాపు దగ్గర వాళ్లిద్దరూ ఎదురుపడ్డారు. బయ్యన్న బిందె భుజానికెత్తుకుని కొండకు పోతున్నాడు. గిరి క్షమించమని అడగబోయాడు. బయ్యన్న అడ్డం పడ్డాడు.

"కోపం లేదంటే నమ్ముతావా? ఉండాది. నీ జాగాలో నేనున్నా నోరు మూసుకునేవాణ్ణి, అదీ నిజమే. బస్సొస్తాండాది. గుంతకల్లు పోయినాక గట్టి బూట్లు ఒక జత పంపు, తొమ్మిదో నంబరు. నీళ్లు మోసేటోడు వట్టికాళ్లతోనే ఎక్కాలని ఊర్లో అంటారు. అననీ."