నొప్పిలేని మెడకు పట్టీ

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆవిడ దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లెవరికీ అది గుర్తుండదు. అందరికీ ఆవిడ బ్రేకు మేడమే. నేర్చుకునేవాళ్ల పక్కసీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, నోటితో మాత్రం "ఏం ఫర్వాలేదు, పోనివ్వు, పోనివ్వు" అంటూ ఉంటుంది. నోరు ధైర్యం చెబుతుంది, కాలు ఎవర్నీ నమ్మదు. అది చూసి మొగుడే ముందుగా ఆ పేరు పెట్టాడు.

ఆ డ్రైవింగ్ స్కూలు మొదట ఆయనదే. కంటి నరాలు దెబ్బతిని చూపు తగ్గిపోతోందని తెలిశాక, పూర్తిగా పోయేలోపే భార్యను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. అప్పటికి ఆవిడకు సైకిలు తొక్కడం కూడా సరిగా రాదు. ఏడుస్తూనే నేర్చుకుంది. ఆ తర్వాత ఆయన ముందుగదిలో ఫోను దగ్గర కూర్చున్నాడు, ఆవిడ కారెక్కింది. ఇల్లు నడిచింది, పిల్లలు చదువుకుని ఎవరి ఉద్యోగాల్లో వాళ్లు పడ్డారు.

ఆవిడకున్న చాదస్తం ఒక్కటే, శుభ్రం. ఒక మనిషి దిగి ఇంకో మనిషి ఎక్కేలోపు స్టీరింగునూ గేరు కర్రనూ తడిగుడ్డతో తుడిచేస్తుంది. భయపడేవాళ్ల అరచేతుల చెమట, దాని జిడ్డు, ఆవిడకు ఇప్పటికీ వెగటే. "ఇంత అసహ్యం పెట్టుకుని ఈ పనెలా చేస్తున్నావే" అని మొగుడు నవ్వుతాడు. "జిడ్డైతే తుడిస్తే పోతుందండీ" అంటుంది ఆవిడ.

ఒకరోజు పొద్దున పళ్లాసుపత్రి నర్సుకి పాఠం చెబుతోంది. నర్సు రోగుల నోళ్లలో సూదులు దింపడానికి జంకదు గానీ, క్లచ్చి దగ్గరికొచ్చేసరికి వణికిపోతుంది. కూడలి దగ్గర ఎర్రలైటు పడి ఆగారు. పచ్చలైటు వెలిగింది. ముందు బండి ఇంకా కదలకముందే నర్సు కాలు క్లచ్చి మీద నుంచి జారింది. బ్రేకు మేడమ్ కాలు రెప్పపాటు ఆలస్యమైంది. టప్పుమని చిన్న చప్పుడు. అంతే.

ఇద్దరూ దిగారు. ముందు బండిలోంచి ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకున్న మనిషి దిగాడు. బంపరు మీద అరచెయ్యి పెట్టి రాసి చూశాడు. గోటితో గీసినంత గీత.

"స్టూడెంటా? పోన్లెండి మేడమ్. నేర్చుకునేటప్పుడు అందరం గుద్దినవాళ్లమే" అని నవ్వాడు. ఆయన బేకరీలకు గుడ్లు వేసే వ్యాపారి. వెనకసీటు నిండా గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కిటికీలోంచి తొంగిచూసి, "చూడండి, ఒక్క గుడ్డైనా చిట్లలేదు" అన్నాడు. నర్సు కూడా తొంగిచూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. వెళ్లబోతూ ఆయన ఇద్దరి ఫోను నెంబర్లూ అడిగి, కారు నెంబరుకి ఫొటో తీసుకున్నాడు. "ఊరికే, ఉండనివ్వండి" అన్నాడు.

"ఎంత మంచి మనిషో" అని ఆ సాయంత్రం మొగుడితో మురిసిపోతూ చెప్పింది.

కొన్నాళ్లకు మరిది వచ్చాడు. అతను ఇన్సూరెన్సు ఏజెంటు. ఈ కారుకి బీమా చేయించింది కూడా అతనే. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"వదినా, నువ్వు గుద్దిన బండికి వెనక భాగమంతా పోయిందటగా. డిక్కీ మూత, లైట్లు, ఒక తలుపు. పైగా వెనకసీట్లో ఉన్న వాళ్లమ్మకి మెడ పట్టేసిందట. క్లెయిము పెట్టాడు."

"వెనకసీట్లో వాళ్లమ్మా? వెనకసీట్లో గుడ్లున్నాయి."

మరిది పకపకా నవ్వాడు. "గుడ్లో అమ్మో, నీకెందుకు? కంపెనీ నుంచి మనిషొచ్చి అడిగితే, అవునండీ కాస్త గట్టిగానే తగిలింది అను. అంతే. నీ జేబులోంచి పైసా పోదు."

"ఇందులో నీకేంటి?"

మరిది కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "రిపేరు షెడ్డాయన మనకి కావలసినవాడే వదినా. మన బండికి ఆ ఎడమ తలుపు సొట్ట ఉంది కదా, గేటుకి రాసుకుపోయింది. దాన్నీ ఇందులోనే కలిపేస్తానన్నాడు. కొత్తపెళ్లికూతురిలా చేసి పంపిస్తాడు."

ఆవిడ చూపు తనకు తెలియకుండానే కిటికీలోంచి బయటకు పోయింది. ఆ సొట్ట ఎన్నాళ్లనుంచో ఆవిడ కంట్లో నలుసు. ఆ తలుపు నున్నగా తళతళలాడుతున్నట్టు ఒక్క క్షణం కళ్ల ముందు మెరిసింది. మరుక్షణం, చీకట్లో చెయ్యి పెట్టి ఏదో జిగటగా ఉన్నదాన్ని ముట్టుకున్నట్టు ఒళ్లు జలదరించింది. అసహ్యం ముందు తన మీదే వేసింది.

"లే. లేచి చేతులు కడుక్కో, అన్నం పెడతాను. ఆ మాట మాత్రం ఇంకెత్తకు" అంది.

మరిది తిని వెళ్లాక మొగుడు మెల్లగా అన్నాడు. "గొడవెందుకే? అవుననకు, కాదనకు. తెలీదని చెప్పు."

"పక్కసీట్లో కూర్చుని తెలీదని ఎలా చెప్పనండీ? ఏం జరుగుతోందో చూస్తాననేగా నాకు ఫీజు కడుతున్నారు."

మర్నాడు పాఠాల మధ్య ఖాళీ చూసుకుని షెడ్డుకి వెళ్లింది. షెడ్డు యజమాని భలే కలుపుగోలు మనిషి. "రా అక్కా, రా" అంటూ కుర్చీ తుడిచి వేశాడు. గుడ్ల వ్యాపారి బండి మూల నిలబడి ఉంది. దాని వెనక భాగం ఎవరో వీపు మీద తన్ని కూలేసిన మనిషిలా లోపలికి కుంగిపోయి ఉంది.

"ఇది నేను గుద్దింది కాదు" అంది ఆవిడ.

"నువ్వు గుద్దావని ఎవరన్నారక్కా? ఇది మేం గుద్దింది" అని అతను కడుపుబ్బా నవ్వాడు. దూలానికి గొలుసుతో వేలాడుతున్న మొద్దుని చూపించాడు. "రంగు రేగకుండా సొట్ట పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. ఒక్క ఊపు ఎక్కువైతే అద్దం పోద్ది."

ఆ గొంతులో దాపరికం లేదు, బెదురు లేదు. చేసిన పని బాగా కుదిరిన మనిషి సంతోషమే ఉంది. అదే ఆవిడకు మింగుడుపడలేదు. టీ తెప్పించాడు. గ్లాసు అంచు జిడ్డుగా పెదవికి తగలగానే దించేసింది. అతను ఈలోగా బయటకొచ్చి ఆవిడ కారు చుట్టూ తిరుగుతూ, సంతలో గేదెను చూసినట్టు తట్టి తట్టి చూస్తున్నాడు. "ఇక్కడొకటి, ఈ మూల ఇంకొకటి... దీనికి వయసైపోయింది గానీ బాగానే రాబట్టొచ్చక్కా." అతని వేళ్లు కారు మీద నల్లటి నూనె ముద్రలు వేశాయి. ఆవిడ డిక్కీలోంచి గుడ్డ తీసి, అతని ఎదురుగానే వాటిని తుడిచి బండెక్కింది.

గుడ్ల వ్యాపారిని ముఖాముఖి అడిగితే సిగ్గుపడతాడేమోనన్న ఆశ ఆవిడలో ఇంకా మిగిలి ఉంది. మరిదికి ఫోను చేసి ఇల్లెక్కడో కనుక్కుని వెళ్లింది. తెల్లచొక్కా ఆయన తలుపు తీసి, చుట్టం వచ్చినంత సంబరపడ్డాడు.

"రండి రండి మేడమ్! అమ్మా, మేడమ్ వచ్చారు."

హాల్లో టీవీ మోగుతోంది. దాని ఎదురుగా కుర్చీలో బక్కపల్చని ముసలావిడ కూర్చుని ఉంది. మెడ చుట్టూ మందపాటి స్పాంజి పట్టీ. గడ్డం పైకి లేచిపోయి, టీవీ కాదు, సీలింగు ఫ్యానే కనిపించేలా ఉంది ఆవిడకు. కొడుకు మాట వినబడగానే కళ్లు మూసుకుని, "అబ్బా... అమ్మా..." అని మూలిగింది. మూలిగి, ఒక కన్ను తెరిచి కొడుకు మొహంలోకి చూసింది.

ఆ చూపు బ్రేకు మేడమ్‌కి బాగా తెలుసు. కొత్తగా గేరు మార్చినవాళ్లు పక్కకి తిరిగి తన మొహంలోకి అలాగే చూస్తారు, సరిగ్గా చేశానా లేదా అని. కొడుకు కనపడీ కనపడకుండా తలూపాడు. ముసలావిడ మొహం తేటపడింది.

లోపల ఎవరో పిలిస్తే అతను వెళ్లాడు. బ్రేకు మేడమ్ కుర్చీ దగ్గరికి జరిగింది.

"పెద్దమ్మా, ఆ రోజు మీరు కార్లో ఉన్నారా?"

"ఉన్నానంటమ్మా."

"మెడ నొప్పెడుతోందా?"

"నొప్పేం లేదు తల్లీ. దురద. చచ్చే దురద. ఎవరెప్పుడొస్తారో తెలీదు, తియ్యొద్దన్నాడు."

బ్రేకు మేడమ్ పట్టీ వదులు చేసి చూసింది. కింద చర్మమంతా ఎర్రగా పేలిపోయి ఉంది. చల్లిన పౌడరు చెమటకు తడిసి, మడతల్లో ముద్దకట్టి పుల్లటి వాసన కొడుతోంది. బ్రేకు మేడమ్ మొహం పక్కకి తిప్పుకుంది. చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. తన సంచిలోని సీసా నీళ్లతో చేతిరుమాలు తడిపి ఆ మెడంతా మెల్లగా తుడిచింది. ముసలావిడ ఈసారి నిజంగా కళ్లు మూసుకుంది. "హమ్మయ్య... నీ కడుపు చల్లగుండ" అంది.

"అయ్యయ్యో, తియ్యకండి మేడమ్. అలవాటు తప్పుద్ది" అంటూ కొడుకు వచ్చాడు.

"ఈవిడ మీ అమ్మేనా?"

"భలేవారే. ఎవరమ్మనో తెచ్చుకుంటానా?"

"ఎవరమ్మనో తెచ్చుకునుంటే ఇంత రోత పుట్టేది కాదు."

అతనికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. "మీరు మరీ సున్నితం మేడమ్. అమ్మకి ఎలాగూ కూర్చోవడమేగా పని. పట్టీ ఉన్నా కూర్చునేదే, లేకున్నా కూర్చునేదే. ఏటేటా కంపెనీకి కడుతున్నాం, ఎప్పుడో ఒకప్పుడు తీసుకోవద్దూ? అందరూ చేసేదే కదా" అంటూ పట్టీ మళ్లీ బిగించాడు. అతనికి అడ్డం రాకుండా తల్లి తనంతట తనే గడ్డం పైకెత్తింది.

షెడ్డులో మొద్దుని చూసినప్పుడు కూడా అంత కంపరం పుట్టలేదు. బ్రేకు మేడమ్ మెట్లు దిగి, కారు వీధి మలుపు దాటాక ఆపి, తలుపు తీసి రోడ్డు మీద ఉమ్మింది.

అక్కణ్నుంచే నర్సుకి ఫోను చేసింది. చూసింది చూసినట్టు చెప్పగలవా అని అడిగింది. అవతల ఏడుపు వినిపించింది. ఆ గుడ్ల వ్యాపారి ఆ పిల్లకు అప్పటికే ఫోను చేశాడట. నడిపింది నువ్వే, నోరు విప్పితే ఇక నీకు లైసెన్సు రాదు అన్నాడట. కాసేపు ముక్కు చీదుకున్నాక నర్సు, "గుడ్లు నేనూ చూశాను మేడమ్. వస్తే రానీ, పోతే పోనీ, చెబుతాను" అంది. ఆ రోజంతటిలో ఆవిడ చెవిన పడిన శుభ్రమైన మాట అదొక్కటే.

బీమా కంపెనీ మనిషి ఇంటికి వచ్చాడు. తిరిగి తిరిగి కాళ్లు వాచిన మనిషి. బూట్లు విప్పి హాయిగా కూర్చున్నాడు. మరిది నేల చూపులు చూస్తూ పక్కనే ఉన్నాడు. ఆవిడ ఏదీ దాచలేదు, క్లచ్చి జారడం, టప్పుమన్న చప్పుడు, గుడ్లు, మొద్దు, మెడపట్టీ అన్నీ చెప్పింది. నర్సు ఫోన్లో తన వంతు చెప్పింది. అంతా విని ఆయన నీరసంగా నవ్వాడు.

"మీరు చెప్పేది నిజమని ఆ బండి చూడగానే నాకు తెలిసిపోయిందండీ."

"మరి?"

"మెడ సంగతి కొట్టేస్తాను. బండి సంగతి మాత్రం... కోర్టు దాకా పోతే మాకింకా ఎక్కువ వదులుద్ది. సగానికి తెగ్గొట్టి ఇచ్చేస్తాం."

"తెలిసీ ఇస్తారా?"

"తెలిసే ఇస్తామండీ. రోజూ ఇచ్చేదే. ఇంకాస్త టీ ఉందా?"

ఆవిడ గ్లాసు అందుకుంది. టీ పోసింది. ఆయన బయటకు వెళ్లగానే మరిది తలెత్తాడు.

"చూశావా వదినా? ఇంత రభస చేసి ఏం సాధించావు? వాడికి రావలసింది వాడికి వచ్చింది."

"ఆ ముసలావిడ మెడ మీద పట్టీ ఊడింది."

మరిదికి అదొక పెద్ద జోకులా వినిపించింది. ఆవిడ మర్నాడే బీమాను వేరే ఏజెంటుకి మార్చేసింది. మరిది కొన్నాళ్లు అలిగి రాలేదు. తర్వాత ఏమీ జరగనట్టే వచ్చి, అన్న పక్కన కూర్చుని భోంచేశాడు. ఆవిడ వడ్డిస్తుంది. కొసరి కొసరి పెట్టడం మాత్రం మానేసింది.

ఎండలు తగ్గి వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం తెల్లచొక్కా ఆయన గొడుగు దులుపుకుంటూ ముందుగదిలోకి వచ్చాడు. వెంట కాలేజీకి వెళ్లే కూతురు.

"మా అమ్మాయికి డ్రైవింగ్ నేర్పాలి మేడమ్. ఎవరెవరి పేర్లో చెప్పారు గానీ, నేనే వద్దన్నాను. మీ నిజాయితీ నేను కళ్లారా చూసినవాణ్ని కదా."

"ఖాళీ లేదండీ" అంది ఆవిడ. ఫోను దగ్గరున్న మొగుడు తలెత్తాడు. పొద్దుటి పాఠానికి మనిషి లేడని ఆయనకు తెలుసు. వాళ్లు గుమ్మం దాటబోతుండగా, తను ఆడిన అబద్ధం నాలుక మీద పాచిలా మందంగా తగిలింది ఆవిడకు.

"ఆగండి. ఖాళీ ఉంది. మీకు లేదు."

అతను వెనక్కి తిరిగి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇంకా అదే మనసులో పెట్టుకున్నారా? నేనెప్పుడో మర్చిపోయాను మేడమ్."

"ఏంటి నాన్నా?" అంది కూతురు.

"ఏం లేదమ్మా. నాన్నమ్మకి అప్పుడు మెడ పట్టేసింది చూడు, ఆ యాక్సిడెంటు ఈ మేడమ్ గారి బండి వల్లే. పాపం మా అమ్మ ఎంత బాధపడిందో."

ఆ గొంతులో నటన లేదు. తన మాట తనే నమ్మేశాడు. ఆ పిల్ల మాత్రం తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి చెయ్యి పట్టుకోకుండా, గొడుగులోకి రాకుండా, వానలో ముందుగా నడిచి వెళ్లిపోయింది.

వాళ్లు వెళ్లాక మొగుడు నెమ్మదిగా అన్నాడు. "పిల్లేం చేసిందే పాపం?"

"ఏం చెయ్యలేదు" అంది ఆవిడ. "ఆ సంగతి నాకూ తెలుసు. అయినా నా వల్ల కాలేదండీ."

బయట తర్వాతి పాఠానికొచ్చిన మనిషి కారు పక్కన తడుస్తూ నిలబడి ఉన్నాడు. ఆవిడ తాళాలు తీసుకుని వెళ్లింది.